చిన్న కెమేరాకు కాలము చెల్లినదా?

చేతిలో ఫోనుండగా వేఱొక కెమేరా యెందులకని నేడు పదిమందిలో తొమ్మండుగురు అడుగుదురు. పదవవానికి కూడ జవాబు వెంటనే తోచదు. చొక్కా జేబులో పట్టునట్టిది, లెన్సును విడదీయుటకు వీలులేనిది, మీట నొక్కినంతనే బొమ్మ తీయునట్టిది అగు చిన్న కెమేరాను గూర్చియే మేము చెప్పుచున్నాము. పెండ్లిండ్లలో భుజమునుండి వ్రేలాడు పెద్ద కెమేరాలకు వృత్తిదారులు దిక్కై యున్నారు. వాని సంగతి వేఱు. చిన్న కెమేరా గృహస్థుల వస్తువు. ఇంటివారు విడిచిపెట్టినచో దానికి వేఱు దిక్కు లేదు. ఇది యిక చచ్చునా బ్రదుకునా యని కొన్ని యేండ్లుగా లోకము తర్కించుచున్నది. చావదనియే మా తలంపు. అయితే బ్రదుకబోవునది మన యిండ్లలో నుండిన కెమేరా కాదు. మన యిండ్లలోనికి రానట్టి కెమేరా. ఈ భేదమును మన విద్యార్థులును వారి తలిదండ్రులును గుర్తింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొంచెము వెనుకకు పోయి చూతము. ఛాయాచిత్రకళ మన దేశమునకు వచ్చిన తొలిదినములలో కెమేరా యనగా ఒక్క మనిషి మోయలేని బరువు. 1886లో సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పిన రాజా దీనదయాళు నైజాము ప్రభువు నాశ్రయించి గొప్ప కీర్తి గడించెను. ఆయన కాలమున బొమ్మ దిగునది గాజు పలకపై. మూడుకాళ్ల పీట, నల్లగుడ్డ, పలకల పెట్టెలు, వానిని మోయు కూలీలు లేనిదే పని జరిగెడిది కాదు. అదే దశాబ్దమున, 1888లో, అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ అను నతడు కోడాకు అను కెమేరాను అమ్మకమునకు పెట్టెను. అందు నూఱు బొమ్మలకు సరిపడు ఫిల్ము చుట్ట ముందుగనే యుండెడిది. అన్నియు తీసిన పిమ్మట కెమేరాను ఉన్నదున్నట్లే కంపెనీకి పంపినచో, వారు చుట్టను కడిగి, బొమ్మలు అచ్చువేసి, క్రొత్త చుట్ట నింపి తిరిగి పంపెడివారు. 1900లో ఆ కంపెనీయే బ్రౌనీ అను అట్టపెట్టె కెమేరాను ఒక్క డాలరు వెలకు తెచ్చి, పిల్లలకని చెప్పి అమ్మినది. ఈ సంగతిని చదువరులు మఱవకుందురుగాక. సామాన్యుల చిన్న కెమేరా పుట్టినదే పిల్లల చేతులకొఱకు. పిదప 1925లో జర్మనీలో లైకా వెలువడినది. సినిమా ఫిల్మునే వాడుకొని, అఱచేతిలో నిముడు యంత్రముతో మేలైన బొమ్మ తీయవచ్చునని ఆస్కార్ బర్నాక్ అను నతడు చూపెను. తరువాతి చిన్న కెమేరాల చరిత్ర యంతయు ఈ రెంటి సంతానమే యనవచ్చును. ఒకటి చవుకయైన పెట్టె, మఱియొకటి ఖరీదైన సూక్ష్మయంత్రము. ఈ రెండు శాఖలలో నేడు ఎండిపోవుచున్నది మొదటిది.

మన తెలుగునాట చాలకాలము వఱకు ఫోటో యనగా పట్టణమునకు పోయి, స్టూడియోలో రంగులు వేసిన తెర ముందు ఊపిరి బిగబట్టి నిలుచుటయే. సొంత కెమేరా మధ్యతరగతి యిండ్లలో కాలుపెట్టినది మన దేశమందే తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ వంటి వానితో. దానిలో ఒక రీలునకు పండ్రెండు బొమ్మలు. ఆ పండ్రెండింటితో ఒక సంసారపు సంవత్సరమంతయు గడచెడిది. పండుగకు రెండు, బిడ్డ తొలి యడుగులకు ఒకటి, ఊరినుండి వచ్చిన మేనత్తకు ఒకటి, ఇట్లు లెక్క చూచి తీసెడివారు. తరువాత 1980లలో హాట్ షాట్ వంటి ప్లాస్టిక్కు కెమేరాలును, ముప్పదియాఱు బొమ్మల రీళ్లును వచ్చినవి. రీలు పూర్తియగువఱకు ఆగుట, పిమ్మట కడిగించుటకు ఇచ్చుట, వారము దినములకు పసుపుపచ్చ కవరులో బొమ్మలు చేతికి వచ్చుట, ఇవన్నియు నలుబది దాటిన మాబోటివారికి నిన్నటివలెనే యున్నవి. అందు నాలుగు బొమ్మలు మసకబారియుండెడివి, ఒక దానిలో తీసినవాని వ్రేలు పడియుండెడిది. అయినను ఎవ్వరును వానిని పాఱవేసెడివారు కారు.

ఫిల్ము లేని కెమేరా పుట్టినది ఫిల్మును అమ్ముకొను కంపెనీలోనే యగుట ఒక వింత. 1975లో కోడాకు కంపెనీ ఇంజనీరగు స్టీవెన్ ససాన్ దానిని కూర్చెను. ఆ బొమ్మ నలుపు తెలుపులది. వరుసకు నూఱేసి చుక్కల చొప్పున నూఱు వరుసలు, అనగా మొత్తము పదివేల చుక్కలు. అది క్యాసెట్టు టేపుపై ఎక్కుటకు 23 సెకండ్లు పట్టెడిది. నేటి పిల్లలు దీనిని విని నవ్వుదురు. కాని ఆ విత్తనము మొలచి చెట్టయి, చివరకు ఫిల్ము వర్తకమును క్రుంగదీసి, 2012లో ఆ కంపెనీని దివాలా రక్షణకై న్యాయస్థానపు మెట్లెక్కించినది.

డిజిటల్ చిన్న కెమేరాల ఉచ్చదశ 2010. జపానులోని కెమేరా తయారీదారుల సంఘమువారి లెక్కల ప్రకారము ఆ సంవత్సరము ప్రపంచమందు పంపిణీ యైన డిజిటల్ కెమేరాలు సుమారు పండ్రెండు కోట్ల పదిలక్షలు. అందు లెన్సు విడదీయరాని చిన్నరకములే పది కోట్ల ఎనుబది లక్షలకు తక్కువ కాదు. 2023 వచ్చునప్పటికి ఆ చిన్నరకములు ఏడాదికి సుమారు పదునేడు లక్షలకు దిగినవి. కరవు కాలమందు చెఱువు ఎండినట్లు పదుమూడేండ్లలో ఎండిపోయినది. క్యాసియో కంపెనీ 2018లో ఈ వ్యాపారమును విడిచినది. ఒలింపస్ కంపెనీ తన కెమేరాల శాఖను అమ్మివేయుచున్నట్లు 2020లో ప్రకటించినది.

ఇంత త్వరగా ఇట్లేల జరిగెను? ఫోను ఎల్లప్పుడు దగ్గఱ నుండును గనుక అని యందఱును చెప్పు జవాబు. అది సత్యమే గాని చాలదు. చవుక కెమేరాలలోని బలహీనత కూడ ఇందు కలదు. కెమేరాలో ఫిల్మునకు మాఱుగా వెలుతురును గ్రహించు రేకును సెన్సారందురు. చవుక కెమేరాలలో దాని వెడల్పు సుమారు ఆఱు మిల్లీమీటర్లు, అనగా చింతగింజ కంటె చిన్నది. చినుకులను పట్టు పాత్ర చిన్నదైనచో నీరు తక్కువ పడినట్లే, సెన్సారు చిన్నదైనచో మసక వెలుతురున బొమ్మ చెడును. తయారీదారులు ఈ లోపమును దిద్దుటకు మాఱుగా ఏటేట మెగాపిక్సెళ్ల సంఖ్యను పెంచి పెట్టెపై పెద్ద అక్షరములతో ముద్రించుచు పోయిరి. ఇంతలో ఫోనుల వారు తమ సెన్సారును పెద్దది చేసికొనిరి. అంతకంటె ముఖ్యముగా, ఒక్క మీట నొక్కుటలో అనేక బొమ్మలను తీసి, వానిని కలిపి, మంచి భాగములను ఏరి ఒక్కటిగా కూర్చు గణితమును ఫోనులో నింపిరి. 2018 నుండి చీకటిలో సైతము బొమ్మ తీయు విద్య ఫోనులలో వ్యాపించినది. ఇక చవుక కెమేరా దేనిలో మేలు? తీసిన బొమ్మను మఱునిమిషమున హైదరాబాదులోని అన్నకో, గల్ఫు దేశమందలి తండ్రికో పంపుటకు దానికి చేతకాదాయెను. ఓడుట న్యాయమే.

ఫోనుకు ఇయ్యవలసిన గౌరవమును ఇయ్యకుండుట అన్యాయము. మన పిల్లల ముత్తవ్వలలో ఎందఱకు ఒక్క ఫోటోయైన నుండినది? కూలికి పోవు తల్లి ముఖము ఎట్లుండెడిదో ఆమె మనుమలకు తెలియకుండ పోయిన యిండ్లు మన చుట్టును లెక్కకు మిక్కిలి. రేషను కార్డుపై అంటించిన బొమ్మయే కొందఱకు మిగిలిన ఒకేయొక రూపము. నేడు ఆ కుటుంబములలోని పిల్లవాడు నాయనమ్మ నవ్వుచుండగా, చేనిలో కలుపు తీయుచుండగా బొమ్మ తీసికొనుచున్నాడు. కెమేరాపై మక్కువతో ఫోనును నిందించువారు కొందఱు ఈ సంగతి నెఱుగక మాటలాడుదురు. వారి పక్షమున మేము లేము.

అయినను ఫోను చేయలేని పనులు, చేసినను సరిగా చేయలేని పనులు కొన్ని కలవు. మన పాఠశాల వార్షికోత్సవ నాటకమును తలచుకొనుడు. సభలో వెనుక బెంచీపై కూర్చున్న తండ్రి, రంగస్థలముపై నున్న కుమార్తె ముఖమును దగ్గఱగా తీయదలచును. చిన్న కెమేరాలో లెన్సు ముందుకు సాగి నిజముగనే దూరమును తగ్గించును. చాల ఫోనులలో అట్లు కాదు. బొమ్మ నడిమి ముక్కను కత్తిరించి దానినే సాగదీయును. ఖరీదైన ఫోనులలో దూరపు లెన్సు వేఱుగ నుండవచ్చును, కాని ఆ ఫోనులు మనలో ఎందఱకున్నవి? ఇక ఫ్లాషు. కెమేరా ఫ్లాషు మెఱుపువలె సెకండులో వెయ్యవ వంతు కాలమో అంతకు తక్కువయో వెలిగి ఆఱును. అందుచే చీకటి గదిలో గంతులిడు పిల్లవాడును ఆ క్షణమున నిలిచిపోయినట్లు పడును. ఫోనులోని చిన్న దీపము అంత బలముగా వెలుగలేక కొంతసేపు వెలుగుచునే యుండును. పిల్లవాని చేతులు రెండు మసకబారును. మిట్టమధ్యాహ్నపు టెండలో తెర కనబడక గ్రుడ్డిగా తీయు బాధను, చెమట చేతులలో జాఱు గాజుపలకను పట్టుకొను బాధను వేఱుగ వర్ణింపనక్కఱలేదు. మణికట్టునకు త్రాడు తగిలించుకొని, వ్రేలికి తగులు నిజమైన మీటను నొక్కుటలో ఎంత నెమ్మది కలదో ఒకమాఱు చేసినవారే యెఱుగుదురు.

ఇంకొక సంగతి. ఫోను బొమ్మను తీయుటతో నాగదు, దిద్దును. ముఖముపై మచ్చలను తుడుచును, ఆకాశమునకు నీలి పూయును, నల్లని చర్మమును తెల్లబఱచుటకు పోవునవియు కొన్ని కలవు. 2023లో ఒక పేరుగల ఫోను తీసిన చంద్రబింబమును గూర్చి వాదము రేగినది. మసక చేసిన చంద్రుని బొమ్మను తెరపై నుంచి, దూరమునుండి ఆ ఫోనుతో తీయగా, తెరపై లేని గుంతలును మచ్చలును ఫోను చిత్రములో తేటగా కనబడినవని ఒకరు నిరూపించిరి. చంద్రునిది గనుక నవ్వి యూరకుండవచ్చును. ఇంటి పెద్దల ముఖములనుగూడ ఇట్లే యంత్రము తన యిచ్చ వచ్చినట్లు దిద్దినచో, ముప్పదియేండ్ల తరువాత ఆ బొమ్మను చూచి తాత ముఖమిట్టిదని నమ్ము బిడ్డ ఏమి యెఱుగును? చిన్న కెమేరాలును కొంత దిద్దును, ఆ మాట నిజమే. కాని దాని దిద్దుబాటు ఇంటికి సున్నము వేయుట వంటిది. ఫోనుది గోడలను మార్చి కట్టుట వంటిది.

ఈ లెన్సులు, సెన్సారులు, ఫ్లాషులన్నియు ఒక యెత్తు. మేము ముఖ్యముగా చెప్పదలచినది వేఱొకటి. చిన్న కెమేరా ఒక్క పనికై పుట్టిన పనిముట్టు. కొడవలి కోయును, గరిటె కలుపును, కెమేరా బొమ్మ తీయును. ఫోను అట్టిది కాదు, అది సంత. పిల్లవాడు పువ్వును బొమ్మ తీయుటకై దానిని జేబునుండి వెలికి తీయును. తీయులోపల ఒక స్నేహితుని కబురు, ఒక ఆట పిలుపు, ఒక సరకు ప్రకటన వచ్చి నిలుచును. పువ్వు సంగతి మఱచును. విహారయాత్రలకు పిల్లలను వెంటబెట్టుకొని పోవు ఉపాధ్యాయులందఱును దీనిని చూచుచునే యున్నారు. కెమేరా గల బాలుడు బొమ్మ తీసి, దానిని జేబులో వేసికొని, మరల శిల్పమును చూచును. ఫోను గల బాలుడు బొమ్మ తీసి, తలవంచి, అది ఎవరికి పంపుదునా యని చూచును. బాలుని స్వభావము రెండు చోట్లను ఒకటియే. మారినది చేతిలోని వస్తువు. చాల పాఠశాలలు విద్యార్థుల ఫోనులను నిషేధించినవి. మేమును ఆ పక్షమువారమే. కాని ఆ నిషేధముతో పాటు పిల్లల చేతినుండి కెమేరాను కూడ తీసివేసినట్లయినదని ఎందఱు గమనించిరి? బ్రౌనీ పెట్టెతో 1900లో పిల్లల చేతికి వచ్చినది, ఫోనులో దాగికొన్నందున ఫోనుతో పాటు బడి గుమ్మము బైట నిలిచిపోయినది.

తలిదండ్రులకు, అందును ఆడుబిడ్డల తలిదండ్రులకు, మఱియొక మాట. ఫోనుతో తీసిన బొమ్మ ఒక్క వ్రేలి కదలికతో ఊరంతటికి పోవును. పోయిన పిమ్మట దానిని వెనుకకు పిలుచువారు లేరు. కెమేరాతో తీసినది కార్డులో నుండును. దానిని తీసి, కంప్యూటరులో పెట్టి, చూచి, ఏరి, పిమ్మట గదా ఒకరికి చేర్చుట. ఈ ఆలస్యమును జనులు కెమేరా లోపమనుచున్నారు. కోపములో, వేళాకోళములో తీసిన బొమ్మకు ఆ రాత్రి గడువు దొరకుట పిల్లల పాలిట రక్షణమని మేమందుము. అనుమతి లేక ఒకరి బొమ్మ తీయుట కెమేరాతోనైనను తప్పే. ఆ పాఠము కెమేరాతోబాటు నేర్పవలసినదే.

ఈ మధ్య యువజనులలో ఒక క్రొత్తగాలి వీచుచున్నది. 2000 తరువాతి తొలి పదేండ్లలో వచ్చిన పాత చిన్న కెమేరాలను అన్న, అక్కల పెట్టెలనుండి వెదకి తీసి వాడుకొనుచున్నారు. వాని రంగులు, గట్టి ఫ్లాషు వెలుతురు, కొంచెము మోటుదనము వారికి నచ్చినవి. ఫ్యూజీఫిల్మ్ కంపెనీ 2024 ఫిబ్రవరిలో వెలువరించిన ఎక్స్ హండ్రెడ్ సిక్స్ అను కెమేరాకై జనులు నెలల తరబడి వేచియుండిరి. కెనాన్ కంపెనీ 2016 నాటి తన చిన్న కెమేరానొకదానిని స్వల్పమార్పులతో 2025లో మరల విడుదల చేసినది. తయారీదారుల సంఘమువారి లెక్కలో 2024లో చిన్నరకములు సుమారు పదునెనిమిది లక్షల ఎనుబదివేలకు పెరిగినవి. ఇది చూచి పత్రికలు చిన్న కెమేరా పునర్జన్మ మెత్తినదని వ్రాయుచున్నవి.

మేమంతగా సంతోషింపజాలము. 2010లో నూఱు చిన్న కెమేరాలు పంపిణీయైన చోట 2024లో రెండైనను లేవని పై లెక్కయే చెప్పుచున్నది. పెరిగినది ఏ రకమో కూడ చూడవలెను. పైన చెప్పిన ఫ్యూజీ కెమేరా విడుదలనాటి వెల అమెరికాలో 1,599 డాలర్లు, అనగా మన రూపాయలలో లక్ష దాటినది. ఒక ఉపాధ్యాయుని సంసారమున దాని మాట యెత్తుట కూడ హాస్యాస్పదము. దీనికి కారణము తయారీదారుల దురాశయని మేమనము. లెన్సులను అరగదీయు యంత్రములు, అచ్చులు, సెన్సారుల కొనుగోలు ఇవన్నియు లక్షలకొలది అమ్మకమున్నప్పుడే చవుకయగును. అమ్మకము పడిపోగానే ఒక్కొక్క కెమేరాపై పడు ఖర్చు పెరుగును. అప్పుడు కంపెనీవాడు వేయి రూపాయలు వెనుకాడు పదిమందిని విడిచి, లక్ష వెనుకాడని యొక్కని కొఱకు తయారుచేయును. ఫోనుకంటె స్పష్టముగా మేలైనది చేసినగాని ఆ యొక్కడును కొనడు. కావున పెద్ద సెన్సారు, మేలైన లెన్సు, లోహపు ఒడలు. పక్షులను తీయువారికి దూరపు జూము గలవి, నీటిలో మునుగువారికి నీరు చొరనివి, ఇట్లు ప్రత్యేకపు అవసరములవారికి కొన్ని నిలుచును. చేతి గడియారమునకు జరిగినదే దీనికిని జరుగును. గంట చూచుటకు ఫోను వచ్చినది. గడియారము చావలేదు, కలవారి ఆభరణమైనది. కెమేరాయు ఆభరణమై బ్రదుకుట దాని భాగ్యమని కొందఱనుకొనవచ్చును. పిల్లల చేతి వస్తువుగా పుట్టినదానికి అది యెట్టి భాగ్యమో మాకు బోధపడదు.

చవుకవి బజారులో బొత్తిగా లేవా యని అడుగవచ్చును. ఆటబొమ్మల వంటివి కొన్ని ఆన్‌లైను అంగళ్లలో రెండు మూడు వేలకు అమ్ముడగుచున్నవి. పెట్టెపై నలుబది యెనిమిది మెగాపిక్సెళ్లని యుండును. లోపల సెన్సారు గ్రహించునది అందు కొంత భాగమే. తక్కినది పిండిలో నీళ్లు కలిపినట్లు లెక్కతో పెంచినది. లెన్సు కదలదు, జూమును లేదు. తలిదండ్రులు ఆ సంఖ్యను నమ్మి కొనవద్దని హెచ్చరించుచున్నాము. అంతకంటె ఇంటి బీరువాలో పడియున్న పాత కెమేరా నూఱురెట్లు మేలు.

ఆ పాతదానిని వెలికి తీయువారికి కొన్ని ఆచరణపు మాటలు. బ్యాటరీని లోపల విడిచి దాచియుండినచో ముందు దానిని చూడవలెను. ఉబ్బియున్నయెడల చార్జి పెట్టరాదు, పిల్లల చేతికీయరాదు. అదే నమూనా బ్యాటరీ దొరకనిచో కెమేరాపై ఖర్చు పెట్టుట దండుగ. పెన్సిలు సెల్లులతో నడచు రకములకు ఈ చిక్కు లేదు. పల్లెలలో వానిని మించినవి లేవు. 2006కు పూర్వపు కెమేరాలు చాలవఱకు రెండు గిగాబైట్లకు మించిన కార్డులను చదువలేవు. నేటి పెద్ద కార్డును పెట్టి కెమేరా చెడినదని పాఱవేసినవారు కలరు. ఎక్స్‌డీ అను చిన్న కార్డులు అడుగు రకములకు ఆ కార్డులు పాతసరకులోనే దొరకవలెను. ఇసుకగాలికి లోనైన కెమేరా లెన్సు బైటికి వచ్చి లోపలికి పోక బిగిసికొనుట సాధారణము, బలవంతముగ నెట్టరాదు. పాతది కొనువారు లెన్సును పదిమాఱులు సాగించి ముడిచి, ఫ్లాషు వెలిగించి చూచి కొనవలెను.

ఇక తీసిన బొమ్మల గతి. ఈ విషయమున కెమేరావారును ఫోనువారును సమానముగ దోషులే. వేలకొలది బొమ్మలు తీయుదురు, ఒక్కటియు కాగితముపైకి రాదు. ఫోను నీటిలో పడును, దొంగిలింపబడును, సంకేతపదము మఱపునకు వచ్చును. మూడేండ్ల బాల్యము ఒక్క పూటలో పోవును. చిన్న పట్టణములలోని స్టూడియోవారు నేడు పాస్‌పోర్టు ఫోటోలతో, లామినేషనుతో కాలక్షేపము చేయుచున్నారు. బొమ్మలు అచ్చువేయుమని వచ్చువారు అరుదైరి. మా సలహా యిది. ప్రతి యింటివారును సంవత్సరాంతమున కూర్చుండి, తీసిన వేలలో పండ్రెండు బొమ్మలను మాత్రమేరి అచ్చువేయింపవలెను. ఈ పండ్రెండు పాత క్లిక్ త్రీ రీలు లెక్క. అది చాలినట్లు మా కనుభవము. ఏరుటలో ఇంటిలో వాదము పుట్టును. అవ్వ ఒకటి కోరును, పిల్లలు మఱియొకటి కోరుదురు. ఆ వాదము కూడ మంచిదే. ప్రతి బొమ్మకు తేదీ, ఊరు, అందున్నవారి పేరులు వ్రాసి యుంచవలెను. పేరులేని ఫోటో యాబదియేండ్లకు అనాథ యగును.

క్రొత్త కెమేరాను కొనుడని మేమెవ్వరిని ప్రోత్సహింపము. అప్పుచేసి కొనుట అంతకంటె వలదు. కాని పాఠశాలలు చేయగల పని యొకటి కలదు. గ్రంథాలయపు బీరువాలో రెండు చిన్న కెమేరాలుంచి, పుస్తకములవలెనే రిజిస్టరులో వ్రాసి, వారమునకొకరి చొప్పున పై తరగతులవారికి ఇయ్యవచ్చును. తమ ముఖములనే తీసికొనుటకు కాదు. ఊరిలో ఇంకను సారె త్రిప్పుచున్న కుమ్మరిని, మగ్గము గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగానిని, ఏతము పోయి మోటారు వచ్చిన బావిని, చదువరాని అవ్వ ముగ్గు వేయు విధమును, వారి యనుమతితో తీసి, వారు చెప్పిన మాటలు నాలుగు ప్రక్కన వ్రాసి తేవలెను. ఒక సంవత్సరమున అట్లు వచ్చినవానిలో ఇరువది మేలైనవి ఈ సంచికయందే అచ్చువేయవచ్చును. వానిని ముప్పదియేండ్లకు చూచువారికి మన వ్యాసములకంటె అవి యెక్కువ పనికివచ్చునని మేము నమ్ముచున్నాము. వారమునకొకరు గనుక తన వంతు వచ్చువఱకు ఏమి తీయుదునా యని ఆలోచించుటకు పిల్లలకు తీరిక యుండును. ఫిల్ము కాలమందలి మితము ఈ విధముగా కొంత మరల దొరకును.

దీనికి డబ్బు పెద్దగా అక్కఱలేదు. మన విద్యార్థుల యిండ్లలో, పూర్వవిద్యార్థుల యిండ్లలో మూలబడిన కెమేరాలు కొన్నియైన నుండకపోవు. ఇయ్యదలచువారు వచ్చు జూను నెలలో బడి తెఱచిన పిమ్మట కార్యాలయమున ఇచ్చి రసీదు పొందవచ్చును. కార్డులోని కుటుంబపు బొమ్మలను ముందుగ తీసికొని మఱి యియ్యవలెను. చార్జరు, దాని తీగ వెదకి కూడ పంపవలెనని ప్రత్యేకముగ మనవి చేయుచున్నాము. చార్జరు లేని కెమేరాలు ఇంతకు మునుపే మా యొద్ద మూడు చేరియున్నవి.